అద్దె కారు ఇన్సూరెన్స్: కౌంటర్ దగ్గర ఏది తీసుకోవాలి, ఏది వద్దనాలి?

వేసవి సెలవులు, థాంక్స్‌గివింగ్, క్రిస్మస్ వచ్చాయంటే అమెరికాలోని మన తెలుగు కుటుంబాలు ఎక్కడికో ఒకచోటికి బయలుదేరతాయి. లాస్ వేగాస్‌లో దిగి గ్రాండ్ క్యానియన్, బఫెలోలో దిగి నయాగరా, సాల్ట్ లేక్ సిటీలో దిగి ఎల్లోస్టోన్. ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చి ఉంటే, సొంత కారు చాలక ఉన్న ఊళ్ళోనే మినీవ్యాన్ అద్దెకు తీసుకోవడమూ మామూలే. విమానం టికెట్లకి, హోటళ్ళకి నెలల ముందు నుంచీ ధరలు చూసుకుంటాం. కారు ఇన్సూరెన్స్ సంగతి మాత్రం కౌంటర్ దగ్గర నిలబడేదాకా గుర్తు రాదు. అక్కడేమో వెనకాల క్యూ, పిల్లల ఆకలి, స్క్రీన్ మీద నాలుగైదు కొత్త పేర్లు. కొందరు భయపడి అన్నిటికీ సరే అంటారు. కొందరు "మన క్రెడిట్ కార్డు ఉందిగా" అని అన్నీ వద్దంటారు. రెండూ లెక్క చూసుకోకుండా తీసుకునే నిర్ణయాలే.

ఇంట్లో ఒక గంట కూర్చుని రెండు ఫోన్లు చేస్తే తేలిపోయే విషయం ఇది. అవి ఎవరికి చేయాలో, ఏమడగాలో, మీ పరిస్థితికి ఏది సరిపోతుందో ఇక్కడ చెబుతాను.

ముందు రెండు ప్రశ్నలు విడదీయండి

అద్దె కారు విషయంలో అసలు ప్రశ్నలు రెండే. ఒకటి, ఆ కారుకి దెబ్బ తగిలినా, దొంగతనం జరిగినా ఎవరు కట్టాలి? రెండు, మనం నడుపుతుండగా ఎదుటి మనిషికి గాయమైతే, వాళ్ళ కారు పాడైతే ఎవరు కట్టాలి?

మనవాళ్ళు ఎక్కువగా మొదటిదాని గురించే ఆలోచిస్తారు. బంపరుకి సొట్ట పడుతుందేమో, పార్కింగ్ లాట్‌లో ఎవరైనా గీస్తారేమో అని. నిజానికి ఆ నష్టానికి ఒక హద్దు ఉంది. కారు మొత్తం పోయినా, పోయేది దాదాపు కారు విలువ. రెండోదానికి అలాంటి హద్దు లేదు. ఎదుటివాళ్ళ హాస్పిటల్ ఖర్చు, ఉద్యోగానికి వెళ్ళలేక పోయిన జీతం, కోర్టు కేసు, ఇవన్నీ లక్షల డాలర్లలోకి వెళ్ళగలవు.

సైన్స్ చదువుకున్నవాళ్ళకి అలవాటైన లెక్కే ఇది. ఒకటి జరిగే అవకాశం ఎంత, జరిగితే నష్టం ఎంత అన్నవి విడివిడిగా చూడాలి. సొట్ట పడే అవకాశం ఎక్కువ, నష్టం మాత్రం ఎలాగో తట్టుకోగలిగినది. మనిషికి పెద్ద గాయమయ్యే అవకాశం తక్కువ, కానీ ఆ ఒక్కటీ జరిగితే ఇంటి డౌన్ పేమెంట్‌కి దాచుకున్నదీ, పిల్లల కాలేజీకి కూడబెట్టిందీ తినేస్తుంది. కాబట్టి ముందు రెండో ప్రశ్నకి జవాబు చూసుకుని, తర్వాత మొదటిదానికి రండి.

కౌంటర్‌లో అమ్మేవి ఏమిటి?

కంపెనీని బట్టి పేర్లు కాస్త మారినా, సరుకు ఇదే.

సీడీడబ్ల్యూ లేదా ఎల్‌డీడబ్ల్యూ: ఇది ఖచ్చితంగా చెప్పాలంటే ఇన్సూరెన్స్ కాదు, మాఫీ ఒప్పందం. అద్దె కారుకి జరిగిన నష్టాన్ని మీ దగ్గర వసూలు చేయబోమని కంపెనీ ఇచ్చే మాట. మొదటి ప్రశ్నకి మాత్రమే జవాబు. మామూలుగా రోజుకి 10 నుంచి 30 డాలర్ల దాకా ఉంటుంది. పెద్ద కారుకి, రద్దీ సీజన్‌లో ఇంకా ఎక్కువ.

ఎస్‌ఎల్‌ఐ, అంటే అదనపు లయబిలిటీ: ఎదుటివాళ్ళకి జరిగిన నష్టం కోసం. రెండో ప్రశ్నకి కౌంటర్‌లో దొరికే జవాబు ఇదే. కంపెనీని, రాష్ట్రాన్ని బట్టి పరిమితి తరచు 3 లక్షల నుంచి 10 లక్షల డాలర్ల మధ్య ఉంటుంది.

పీఏఐ: కారులో ఉన్న మనవాళ్ళకి గాయాలైతే వైద్య ఖర్చుకి ఇచ్చే మొత్తం. సాధారణంగా కొన్ని వేల డాలర్లకే పరిమితం.

పీఈసీ: కారులోంచి లాప్‌టాప్, బ్యాగులు పోతే ఇచ్చేది. ఇంటి ఇన్సూరెన్స్ లేదా రెంటర్స్ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళకి, డిడక్టబుల్ పోను, ఇది చాలావరకు అందులోనే ఉంటుంది.

రోడ్‌సైడ్ అసిస్టెన్స్: తాళం లోపల పెట్టి మర్చిపోయినా, టైరు పంక్చరైనా సాయం. మీకు ట్రిపుల్ ఏ సభ్యత్వం ఉంటే చాలావరకు అదే సరిపోతుంది.

ఒక లెక్క చూడండి. రోజుకి సీడీడబ్ల్యూ 25, ఎస్‌ఎల్‌ఐ 15, మిగతావన్నీ కలిపి 13 డాలర్లు అనుకుందాం. అన్నీ తీసుకుంటే 7 రోజులకి 371 డాలర్లు. కొన్నిసార్లు కారు అద్దె కన్నా ఇదే ఎక్కువ. ఇందులో మీకు అవసరమైనది 105 డాలర్ల ఎస్‌ఎల్‌ఐ ఒక్కటే కావచ్చు. అసలు ఏదీ అక్కర్లేకపోవచ్చు కూడా.

మొదటి ఫోన్: మీ సొంత కారు ఇన్సూరెన్స్ వాళ్ళకి

అమెరికాలో చాలా ఆటో పాలసీలు సెలవుల కోసం కొద్దిరోజులు తీసుకునే అద్దె కారుకి కూడా వర్తిస్తాయి. మీ కారుకి ఏ కవరేజి ఉందో, అద్దె కారుకీ అదే వస్తుంది. అంటే మీ పాలసీలో లయబిలిటీ ఉంటే రెండో ప్రశ్నకి జవాబు ఉంది. కొలిజన్, కాంప్రహెన్సివ్ కూడా ఉంటే మొదటిదానికీ ఉంది. పాత కారు కదా అని లయబిలిటీ మాత్రమే పెట్టుకున్నవాళ్ళకి అద్దె కారు డ్యామేజికి పాలసీ నుంచి సాధారణంగా ఏమీ రాదు.

లయబిలిటీ ఉందా లేదా అని చూడటంతో సరిపోదు, అంకెలు చూడాలి. టెక్సస్‌లో చట్టం అడిగే కనీసం 30/60/25. అంటే ఒక మనిషి గాయాలకి 30 వేలు, ఒక యాక్సిడెంట్‌లో గాయపడిన అందరికీ కలిపి 60 వేలు, వాహనం వంటి ఆస్తి నష్టానికి 25 వేల డాలర్లు. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి ఈ కనీసం 30/60/15. అంతకు ముందు 15/30/5 ఉండేది. ఇవాళ కొత్త కారు సగటు ధర 45 వేల డాలర్లు దాటింది. ఎదుటి కారు పూర్తిగా పాడైతే ఆ 15 వేలు మూడో వంతుకి కూడా రావు. ఒక సర్జరీ, నాలుగు రోజుల హాస్పిటల్ అయితే 30 వేలు ఎంతసేపు?

ఫోన్ చేసినప్పుడు ఈ ఐదూ అడగండి.

1. నా పాలసీ అద్దె కారుకి వర్తిస్తుందా? ఎన్ని రోజుల దాకా?
2. నా లయబిలిటీ పరిమితులు ఎంత?
3. కొలిజన్, కాంప్రహెన్సివ్ ఉన్నాయా? డిడక్టబుల్ ఎంత?
4. లాస్ ఆఫ్ యూజ్, డిమినిష్డ్ వాల్యూ, అడ్మినిస్ట్రేటివ్ ఫీజు కట్టిస్తారా?
5. కెనడాలో వర్తిస్తుందా?

నాలుగో ప్రశ్న చాలామందికి తెలియదు. కారు రిపేరులో ఉన్నన్ని రోజులూ కంపెనీకి అద్దె రాదు కదా, ఆ మొత్తం లాస్ ఆఫ్ యూజ్. యాక్సిడెంట్ అయిన కారు అమ్మితే ధర తగ్గుతుంది, అది డిమినిష్డ్ వాల్యూ. వీటిని మన మీద వేస్తారు. చాలా సొంత పాలసీలు ఇవి కట్టవు, లేదా కొంతే కడతాయి. పైగా సొంత పాలసీ మీద క్లెయిమ్ వేస్తే డిడక్టబుల్ మనం కట్టాలి, తర్వాత ప్రీమియం పెరిగే అవకాశమూ ఉంటుంది.

రెండో ఫోన్: క్రెడిట్ కార్డు వాళ్ళకి

"కార్డు చూసుకుంటుంది" అన్న మాటలో సగమే నిజం. కార్డు ఇచ్చేది అద్దె కారు డ్యామేజికి, దొంగతనానికి మాత్రమే. ఎదుటి మనిషికి తగిలిన దెబ్బకి కార్డు పైసా ఇవ్వదు. అంటే ఎంత మంచి కార్డయినా మొదటి ప్రశ్నకే జవాబు. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే వ్యాసంలో మిగతాది మరిచిపోయినా ఫరవాలేదు.

కార్డు కవరేజి రెండు రకాలు. సెకండరీ అయితే ముందు మీ సొంత పాలసీ కట్టాలి, మిగిలిన డిడక్టబుల్ లాంటివి కార్డు చూస్తుంది. ప్రైమరీ అయితే మీ పాలసీ దాకా వెళ్ళకుండా కార్డే మొదట కడుతుంది. చేజ్ సఫైర్ ప్రిఫర్డ్, సఫైర్ రిజర్వ్ కార్డుల్లో ప్రైమరీ ఉంది. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కార్డుల్లో మామూలుగా వచ్చేది సెకండరీ. కావాలంటే ఒక్కో అద్దెకి ఇంత అని కట్టి ప్రైమరీ పెట్టుకునే పథకం వాళ్ళ దగ్గర ఉంది. రోజుల లెక్క కాదు కాబట్టి పొడవాటి ట్రిప్పులకి అది చవక. ఫీజు లేని మామూలు కార్డుల్లో కొన్ని ఈ సౌకర్యాన్ని తీసేశాయి. అందుకే పాత జ్ఞాపకం మీద వెళ్ళకుండా ప్రతి పెద్ద ట్రిప్పుకి ముందు బెనిఫిట్స్ గైడ్ చూసుకోండి.

కార్డు పెట్టే షరతులు కూడా చూసుకోవాలి. మొత్తం అద్దె ఆ కార్డు మీదే కట్టాలి. అద్దె ఒప్పందంలో మొదటి పేరు కార్డున్నవాళ్ళది కావాలి. కార్డు మావారిది, కారు నా పేరు మీద అంటే కుదరకపోవచ్చు. కౌంటర్‌లో సీడీడబ్ల్యూ వద్దనాలి. తీసుకుంటే కార్డు కవరేజి పనిచేయదు. అద్దె రోజులకి పరిమితి ఉంటుంది, చాలా కార్డుల్లో 15 లేదా 31 రోజులు. ఖరీదైన లగ్జరీ కార్లు, ట్రక్కులు, పెద్ద ప్యాసింజర్ వ్యాన్‌లు చాలా కార్డులు ఒప్పుకోవు. ట్యూరో లాంటి చోట ఇంకొకరి సొంత కారు తీసుకుంటే అది అద్దె కంపెనీ కారు కిందికి రాదని చాలా కార్డులు అంటాయి.

బుకింగ్ సైట్లలో రోజుకి పది డాలర్ల లోపో పైనో అమ్మే ప్రొటెక్షన్ కూడా దాదాపు ఇలాంటిదే. డ్యామేజికి మాత్రమే. పైగా ముందు మీరు కంపెనీకి కట్టి, తర్వాత రసీదులు పెట్టి తిరిగి తీసుకోవాలి.

ఎదుటివాళ్ళ నష్టం: అద్దె కంపెనీ కట్టదా?

చాలా రాష్ట్రాల్లో కంపెనీ ఇచ్చేది రాష్ట్రం అడిగే కనీస లయబిలిటీయే. అదీ కొన్నిచోట్ల మీకు వేరే ఇన్సూరెన్స్ లేకపోతేనే. కారు వాళ్ళది కదా, వాళ్ళ మీద కేసు వేస్తారులే అనుకోవడానికీ లేదు. 2005లో వచ్చిన గ్రేవ్స్ సవరణ అనే ఫెడరల్ చట్టం ప్రకారం, కంపెనీ తప్పేమీ లేనప్పుడు, కారు యజమాని అన్న కారణంగా మాత్రమే అద్దె కంపెనీని బాధ్యుణ్ణి చేయకూడదు. అంటే దావా వచ్చేది నడిపిన మన మీదే.

సొంత పాలసీలో 100/300 లేదా అంతకు మించి ఉండి, పైన పది లక్షల డాలర్ల అంబ్రెల్లా పాలసీ కూడా ఉంటే ఎస్‌ఎల్‌ఐ అవసరం సాధారణంగా రాదు. కనీస పరిమితులే ఉన్నవాళ్ళు, పాలసీయే లేనివాళ్ళు ఎస్‌ఎల్‌ఐ వద్దనకూడదు. ఐదింటిలో ఒక్కటే కొనగలిగే డబ్బుంటే కొనాల్సింది ఇదే.

కారులో అమ్మానాన్నలు ఉంటే

మన కుటుంబాలకి ప్రత్యేకమైన విషయం ఇది. యాక్సిడెంట్‌లో వెనక సీట్లో కూర్చున్న అమ్మకి దెబ్బ తగిలితే ఎవరు కడతారు? తప్పు ఎదుటివాళ్ళదైతే వాళ్ళ ఇన్సూరెన్స్. తప్పు మనదైతే చిక్కే. చాలా ఎస్‌ఎల్‌ఐ ఒప్పందాల్లో ఒకే ఇంట్లో ఉంటున్న కుటుంబ సభ్యుల గాయాలకి మినహాయింపు ఉంటుంది. మీ పాలసీలో మెడికల్ పేమెంట్స్ లేదా పీఐపీ ఉంటే కొంత రావచ్చు. అద్దె కారులోనూ, ఇండియా నుంచి వచ్చి ఉన్న తల్లిదండ్రులకీ అది వర్తిస్తుందా అని మొదటి ఫోన్‌లోనే అడగండి.

అసలు ఆధారం వాళ్ళ విజిటర్ మెడికల్ ఇన్సూరెన్స్. చవగ్గా దొరికే ఫిక్స్‌డ్ బెనిఫిట్ ప్లాన్‌లు ఒక్కో చికిత్సకి ఇంత అని చిన్న మొత్తమే ఇస్తాయి. ఎమర్జెన్సీ రూం, స్కాన్‌లు, సర్జరీ అంటే అవి ఏ మూలకీ సరిపోవు. లాంగ్ ట్రిప్పు పెట్టుకునేవాళ్ళు కాంప్రహెన్సివ్ ప్లాన్ చూసుకోవడం మంచిది. ఇలాంటి ప్లాన్ లేనప్పుడు పీఏఐ తీసుకున్నా దోషం లేదు కానీ, దాన్నే నమ్ముకుని ఉండకూడదు.

నాన్నగారు కూడా నడుపుతానంటే, ఆయన పేరు అదనపు డ్రైవర్‌గా ఒప్పందంలో ఉండాలి. ఇండియా లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ అక్కడి ఆర్‌టీఓ ఆఫీసులోనే తీసుకుని రావాలి, ఇక్కడికి వచ్చాక దొరకదు. పేరు రాయించకుండా కాసేపే కదా అని స్టీరింగ్ ఇస్తే, ఆ కాసేపట్లో జరిగినదానికి సీడీడబ్ల్యూ, ఎస్‌ఎల్‌ఐ, కార్డు ఏవీ పనిచేయకపోవచ్చు. భార్యాభర్తలకి చాలా కంపెనీలు అదనపు డ్రైవర్ ఫీజు తీసుకోవు. కాస్ట్‌కో ట్రావెల్‌లో బుక్ చేస్తే ఒక అదనపు డ్రైవర్‌కి సాధారణంగా ఫీజు ఉండదు.

మీది ఏ పరిస్థితి?

సొంత కారు, ఫుల్ కవరేజి, పెద్ద లయబిలిటీ, ప్రైమరీ కార్డు ఉన్నవాళ్ళు: కౌంటర్‌లో అన్నీ వద్దనవచ్చు.

సొంత కారుకి లయబిలిటీ మాత్రమే ఉన్నవాళ్ళు: అంకెలు పెద్దవైతే లయబిలిటీకి ఇబ్బంది లేదు. డ్యామేజికి మంచి కార్డు లేదా సీడీడబ్ల్యూ కావాలి.

ఈమధ్యే అమెరికా వచ్చినవాళ్ళు, కారు లేనివాళ్ళు: ఎస్‌ఎల్‌ఐ తప్పనిసరి అనుకోండి. డ్యామేజికి కార్డు లేకపోతే సీడీడబ్ల్యూ కూడా. తరచు అద్దెకు తీసుకుంటుంటే నాన్ ఓనర్ పాలసీ అడగండి. అది ఎదుటివాళ్ళ నష్టానికే, కారు డ్యామేజికి కాదు.

రెండు కుటుంబాలు కలిసి 12 లేదా 15 సీట్ల వ్యాన్ తీసుకునేవాళ్ళు: కార్డు మీద ఆశ పెట్టుకోకండి. సొంత పాలసీ ఆ వ్యాన్‌కి వర్తిస్తుందో అడిగి, లేదంటే సీడీడబ్ల్యూ, ఎస్‌ఎల్‌ఐ రెండూ తీసుకోండి. ఖర్చు రెండు ఇళ్ళ మధ్య పంచుకుంటే భారం కాదు.

ఆఫీసు కార్పొరేట్ కోడ్‌తో సెలవులకి బుక్ చేసేవాళ్ళు: ఆ రేటులో కలిసి వచ్చే ఇన్సూరెన్స్ ఆఫీసు పని మీద వెళ్ళినప్పుడే అని చాలా ఒప్పందాల్లో ఉంటుంది. సొంత ట్రిప్పుకి అది ఉందని లెక్కపెట్టకండి.

అమెరికా దాటితే

కెనడాకి అమెరికా పాలసీలు సాధారణంగా పనిచేస్తాయి. ఇక్కడ తీసుకున్న కారుతో నయాగరా అవతలి ఒడ్డుకి వెళ్ళాలంటే కంపెనీకి ముందే చెప్పి అనుమతి తీసుకోవాలి.

మెక్సికో వేరు. అక్కడ చెల్లేది మెక్సికో కంపెనీ ఇచ్చిన లయబిలిటీయే. కాంకూన్‌లో ఆన్‌లైన్‌లో రోజుకి ఐదారు డాలర్లకి కనిపించిన కారు, కౌంటర్‌లో లయబిలిటీ కలిపేసరికి ఎన్నో రెట్లవుతుంది. ఆ మొత్తంతోనే ధరలు పోల్చుకోండి.

యూరప్‌లో ఎదుటివాళ్ళ నష్టానికి లయబిలిటీ అద్దెలోనే ఉంటుంది. అక్కడ చూడాల్సింది ఎక్సెస్, అంటే డ్యామేజిలో మనం కట్టాల్సిన భాగం. అది తరచు వెయ్యి యూరోలు దాటుతుంది. ఇటలీ వెళ్ళేవాళ్ళు అంతర్జాతీయ పర్మిట్ కూడా తీసుకోవాలి. అమెరికా లైసెన్సు ఉన్నవాళ్ళకి ఇక్కడ ట్రిపుల్ ఏ ఇస్తుంది. అమెరికన్ ఎక్స్‌ప్రెస్‌తో మామూలుగా వచ్చే కవరేజి ఇటలీ, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో వర్తించదు. కొన్ని వీసా కార్డులు ఐర్లండ్, ఇజ్రాయెల్, జమైకాలని మినహాయిస్తాయి.

డబ్బు కట్టినా చెల్లని సందర్భాలు

తాగి నడపడం, ఒప్పందంలో పేరు లేనివాళ్ళు నడపడం, తాళం కారులో వదిలేయడం, అనుమతి లేకుండా సరిహద్దు దాటడం. వీటికి తోడు మన టూరిస్టులకి తరచు ఎదురయ్యేది మట్టి రోడ్డు. మాన్యుమెంట్ వ్యాలీలో అందరూ వెళ్ళే 17 మైళ్ళ దారి మట్టిదే. చాలా అద్దె ఒప్పందాలు తారు రోడ్డు కాని చోట నడపొద్దంటాయి. అక్కడ జీపు టూరు తీసుకోవడం మేలు.

కారు తీసుకునేటప్పుడు, దెబ్బ తగిలినప్పుడు

సంతకం పెట్టే ముందు స్క్రీన్ మీద ఒక్కో అంశం చదవండి. మీరు వద్దన్నది వద్దన్నట్టే, తీసుకున్నది తీసుకున్నట్టే ఉందా చూడండి. నోటితో చెప్పినదానికి విలువ లేదు, సంతకానికే. లాట్‌లోంచి బయటికి రాకముందే కారు చుట్టూ, కప్పు, చక్రాలు, అద్దం, లోపల సీట్లు, మైలేజీ అన్నీ వీడియో తీయండి. తిరిగి ఇచ్చేటప్పుడూ అంతే. ఆ వీడియోలు ఆరు నెలలైనా ఉంచండి. డ్యామేజి బిల్లులు వారాలు గడిచాక కూడా వస్తుంటాయి.

యాక్సిడెంట్ అయితే ముందు మనుషుల్ని చూసుకుని 911కి ఫోన్ చేయండి. పోలీసు రిపోర్టు నంబరు, ఎదుటివాళ్ళ లైసెన్సు, ఇన్సూరెన్స్, నంబరు ప్లేటు ఫోటోలు తీసుకోండి. తర్వాత అద్దె కంపెనీకి, మీ ఇన్సూరెన్స్‌కి, కార్డు బెనిఫిట్స్ నంబరుకి అదే రోజు చెప్పండి. కార్డు క్లెయిమ్‌లకి గడువు ఉంటుంది. ఒప్పందం కాపీ, రిపేరు ఎస్టిమేటు, ఫోటోలు అన్నీ అడుగుతారు.

రెండు ఫోన్లలో తెలిసిన అంకెల్ని ఒక కాగితం మీద రాసి, ఫోటో తీసి, ఇంట్లో డ్రైవ్ చేసే ఇద్దరి ఫోన్లలోనూ ఉంచండి. పాలసీ నంబరు, లయబిలిటీ పరిమితి, డిడక్టబుల్, కార్డు బెనిఫిట్స్ ఫోన్ నంబరు, కౌంటర్‌లో తీసుకోవాల్సినవి, వద్దనాల్సినవి. ఏటా పాలసీ రెన్యూ అయినప్పుడు ఆ కాగితం మార్చుకుంటే చాలు.